చర్చ: అర ఎకరంతో ఇంటి తిండి మొత్తం పండించుకోవచ్చా?

సదాశివపేట దారి:

సదాశివపేట అవతల మాకు 20 గుంటల భూమి ఉంది, అంటే అర ఎకరం. నల్లరేగడి, బోరు కూడా ఉంది. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఇన్నాళ్లూ కౌలుకిచ్చాం, ఈ వానాకాలం నుంచి మేమే చేసుకుందామని నిర్ణయించుకున్నాను. అమ్ముకోవడానికి కాదు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, కారం, పసుపు అన్నీ అందులోనే తీయాలి, కొట్టుకు ఉప్పు కోసం తప్ప వెళ్లకూడదు. ఉద్యోగం మానడం లేదు, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. చుట్టాలందరూ పిచ్చి అంటున్నారు. 2020 లాక్‌డౌన్‌లో కూరగాయల బండి కోసం గేటు దగ్గర కాపలా కాసిన రోజులు, 2023 జూలైలో టమాటా కిలో నూట యాభై దాటిన రోజులు నేను మర్చిపోలేదు. మన తిండి మన చేతిలో ఉండాలనుకోవడం పిచ్చి ఎలా అవుతుంది? అవుతుందో కాదో చేసినవాళ్లు చెప్పండి.

వడ్ల లెక్క:

అన్నా, మాది మిర్యాలగూడ వైపు, పుట్టినప్పటి నుంచి వరి మధ్యే ఉన్నవాణ్ని. నీ కోరికను తప్పు పట్టను, కానీ లెక్క చూడు. ఎకరానికి 22 క్వింటాళ్ల వడ్లు అనుకుందాం, మర ఆడిస్తే పద్నాలుగున్నర క్వింటాళ్ల బియ్యం, అంటే గుంటకు 36 కిలోలు. ఐదుగురికి రోజుకు 1.2 కిలోల బియ్యం వేసుకో, నెలకు 36 కిలోలే. కాబట్టి ఒక గుంట ఒక నెల తిండి, ఏడాదికి 12 గుంటలు. కంది వానమీద ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు వస్తే గొప్ప, పప్పు చేశాక గుంటకు 8 కిలోలు మిగులుతుంది, నెలకు 5 కిలోలు వాడే ఇంటికి అది 7, 8 గుంటలు. నెలకు 4 కిలోల నూనెకు పల్లి వేస్తే ఇంకో 7 గుంటలు. కూరగాయలకు 4. మొత్తం 31 గుంటలు, నీ దగ్గర ఉన్నవి 20. యాసంగి కూడా వేస్తే కాగితం మీద సరిపోతుంది, కాదనను. కానీ కంది జూన్‌లో వేస్తే డిసెంబరు దాటితే గానీ చేను ఖాళీ చేయదు, ఇక అక్కడ రెండో పంట ఎక్కడిది?

ఇంకో మాట. ఇదంతా కొట్టులో కొంటే ఎంత? బియ్యం 24 వేలు, పప్పు 9 వేలు, నూనె 12 వేలు, కూరగాయలు 29 వేలు, మొత్తం ఏడాదికి 74 వేలు. నెలకు ఆరు వేల సరుకు కోసం దున్నకం, నాట్లు, కలుపు, కోత, నూర్పిడి పెట్టుకుంటావా? 12 గుంటల వరికి హార్వెస్టర్ వాడు రాడు, వచ్చినా తిరగడానికే చోటు చాలదు. కూలీలను తెస్తే ఆ బియ్యం ధర ఎక్కడికి పోతుందో ఒక్కసారి వేసి చూడు. మేము పండించేది నువ్వు కొనుక్కో, నువ్వు చేసే పని నువ్వు చెయ్యి. రైతు బతికేది కూడా అలాగే.

పందిరి కింద:

వడ్ల లెక్క గారూ, మీ లెక్క వరికి సరే, కూరగాయలకు మాత్రం డబ్బు లెక్క ఒక్కటే చూడకండి. నేను విజయవాడలో పెరట్లోనూ మిద్దె మీదా పెంచుతాను. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూర తినమన్నారు. ఐదుగురికి రోజుకు రెండు కిలోలు. కొనుక్కునే ఇంట్లో అంత ఎవరు తింటున్నారు చెప్పండి? పెరట్లో ఉంటే తింటారు. తోటకూర విత్తిన మూడు నాలుగు వారాలకే చేతికొస్తుంది, గోంగూర కొమ్మ కోస్తే మళ్లీ చిగురేస్తుంది, బచ్చలి తీగ ఒక్కటి పాకిందంటే ఇంటికీ పక్కింటికీ సరిపోతుంది, మునగ చెట్టు ఒకటుంటే కాయా ఆకూ రెండూ.

కాకపోతే తమ్ముడూ, కూరగాయలంటే వారాంతం పని కాదు. బెండకాయ రెండు రోజులకోసారి కోయకపోతే ముదిరిపోతుంది. బీర పిందె మీద చిన్న చుక్క కనబడిందంటే పండు ఈగ అప్పటికే లోపల గుడ్డు పెట్టేసిందని అర్థం, నాలుగు రోజుల్లో పిందె పసుపు రంగుకు తిరిగి రాలుతుంది, కోసి చూస్తే తెల్లటి పురుగులు. రాలినవి ఏరి పారేయకపోతే ఆ పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. ఇది రోజూ చూసే కళ్లు చేసే పని. పొట్ల పిందెకు చిన్న రాయి కడితే నిటారుగా సాగుతుంది, కట్టకపోతే చుట్టుకుపోతుంది, మా అత్తగారు పొద్దున్నే కాఫీ తాగి చేసే పని అదే. మీ ఇంట్లో ఆ రోజువారీ చూపు ఎవరిది? మీ ఆవిడదీ అమ్మదీ అయితే, నిర్ణయం కూడా వాళ్లదే అవ్వాలి.

కొండాపూర్ మిద్దె:

మిద్దె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, భవనాల డిజైన్ నా పని. పొలం లేనివాళ్లు ఇది చదివి మిద్దె నిండా అడుగు మందం మట్టి పోసేయకండి. మామూలు ఇంటి పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కన కడతారు, తడిసిన మట్టి అడుగు మందం ఉంటే అదే చోట 500 కిలోలు దాటుతుంది. కుండీలు, మడులు దూలాల మీదుగా పెట్టండి, కొబ్బరి పొట్టు కలిపి మట్టి తేలిక చేయండి, నీళ్లు నిలవకుండా చూడండి.

పాత పంట:

ఇక్కడ అందరూ ఒక ఇంటికి ఎంత భూమి కావాలని లెక్కపెడుతున్నారు. తమ్ముడూ, నీ పొలానికి పశ్చిమాన జహీరాబాద్ ఎంతో దూరం లేదు. అక్కడ పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, నీళ్లు లేని చెలకల్లో ఏళ్ల తరబడి తమ తిండి తామే పండించుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది వాళ్లకే. వాళ్ల చేనులో ఒకే పంట ఉండదు, చాలా ఉంటాయి. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, మినుము, అలసంద, కొర్ర, సజ్జ, గట్టు మీద పుంటికూర, వానలు పోయాక మంచుకే పండే శనగ, కుసుమ. వాన ముందొస్తే ఒకటి పోతుంది, వెనకొస్తే ఇంకొకటి పోతుంది, అన్నీ ఒక్కసారి పోవు. పైగా చేనులో దానంతట అదే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, ఎలుకచెవి కూర కూడా తిండే, కలుపు మందు కొట్టినవాడికి అవి దక్కవు.

వాళ్లు గెలిచింది ఎందుకో చూడు. 1990ల మధ్యలో పడావు పడ్డ భూముల్లో జొన్న వేయించి, అప్పును గింజల్లోనే తిరిగి కట్టించి, ఊరి గింజల నిధి పెట్టుకున్నారు, ఊళ్లో అందరికన్నా పేదవాళ్లు ఎవరో ఊరే కూర్చుని తేల్చి వాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. విత్తనాలు బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచి, మూతికి పేడ మట్టి అలికి, అడిగినవాళ్లకు ఇచ్చారు, తీసుకున్నవాళ్లు పంట వచ్చాక అంతకు మించి తిరిగి కొలిచారు. ఇది ఒక ఇల్లు సాధించినది కాదు. గింజలు ఒకరి దగ్గర, ఎడ్లు ఒకరి దగ్గర, చేతులు అందరివీ. ఒంటరిగా కంచె వేసుకుని ఉప్పు తప్ప ఏమీ కొననంటే, బోరు కాలిన రోజు పక్కవాడి నీళ్లే అడుగుతావు.

ఇంకొకటి, నల్లరేగడిలో పల్లి వేయకు. మట్టి ఎండి గట్టిపడితే పీకేటప్పుడు కాయలు భూమిలోనే ఉండిపోతాయి. కుసుమలు, నువ్వులు వెయ్యి. కుసుమకు ముళ్లుంటాయి కాబట్టి పశువులు కూడా దగ్గరికి రావు, చేను చుట్టూ నాలుగు సాళ్లు వేస్తే కంచె కూడా అదే.

ఫ్రిస్కో పెరడు:

నేను టెక్సాస్‌లో ఉంటాను, ఎండాకాలం నాలుగు నెలలు మా ఇంట్లో గోంగూర, సొరకాయ కొనే పని ఉండదు. ఇంటి తోటలను తక్కువ చేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 ప్రాంతంలో, అమెరికాలో దాదాపు రెండు కోట్ల విక్టరీ గార్డెన్లు ఉండేవి, దేశం తిన్న తాజా కూరగాయల్లో 40 శాతం వరకు వాటి నుంచే వచ్చాయని చెబుతారు. సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయాక క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలాలన్నీ కూరగాయల మడులయ్యాయి.

వడ్ల లెక్క:

ఫ్రిస్కో గారూ, మీరు చెప్పిన రెండూ నా మాటనే బలపరుస్తున్నాయి. ఆ తోటల్లో పండింది కూరగాయలు, గోధుమలు కాదు. యుద్ధం అయిపోయింది, తోటలు చాలావరకు పోయాయి. క్యూబాకు ఇవాళ్టికీ బియ్యం వియత్నాం నుంచి వస్తున్నాయి. కడుపు నింపే గింజ ఎప్పుడూ పెద్ద పొలంలోనే పండింది.

పాత పంట అక్కా, జహీరాబాద్ ఆడవాళ్ల మీద నాకు మర్యాద ఉంది. కానీ వాళ్లకు ఆ చేను తప్ప వేరే దారి లేని రోజుల్లో, ఒళ్లు హూనం చేసుకుని సాధించారు. ఇప్పుడు తెలంగాణలో రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి, 2025 ఏప్రిల్ నుంచి. వాళ్ల పిల్లల్లో ఎంతమంది జొన్న కోయడానికి ముందుకొస్తారు?

పాత పంట:

రేషన్ బియ్యం వద్దని నేను అనలేదు. బియ్యం వచ్చాయి, పప్పు వచ్చిందా? ఆకుకూర వచ్చిందా? ఒట్టి తెల్లన్నంతో కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. పిల్లలు రావడం లేదంటే దానికి కారణం గిట్టుబాటు ధర లేకపోవడం, ఆ కష్టానికి విలువ కట్టకపోవడం. దాని మీద కొట్లాడుదాం రా, నేనూ వస్తాను.

సెంటు భూమి:

మధ్యేమార్గం ఒకటుంది. మా ఆంధ్ర వైపు ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో (2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చినది ఇదే) 20 సెంట్లలో ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడంటే అప్పుడు డబ్బు) మోడల్ అని చేయిస్తున్నారు. మీ లెక్కలో 8 గుంటలు. దుంపలు, ఆకుకూరలు, కూరగాయలు, తీగలు వరసలుగా వేసి, కోసిన చోట వెంటనే ఇంకో విత్తనం వేస్తారు, నేల ఖాళీగా ఉండదు. ఇంటికి పోగా మిగిలింది సంతకు. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతారు. ఎరువు, మందు కొనే పని ఉండదు, ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండితో జీవామృతం కలుపుకోవడమే. మిగతా 12 గుంటల్లో కంది, కుసుమ వేసుకుని బియ్యం పక్క ఊరి రైతు దగ్గర వడ్ల రూపంలో కొని మర ఆడించుకోండి.

సిద్దిపేట బాధితుడు:

అన్నీ బాగున్నాయి, కోతుల సంగతి ఎవరూ మాట్లాడరేం? మా ఊళ్లో కూరగాయలు వేయడం జనం మానేసింది నీళ్లు లేక కాదు, కోతుల వల్ల. పొద్దున మంద దిగిందంటే టమాటా పచ్చిదైనా వదలదు, సగం కొరికి పారేస్తుంది. రాత్రి అడవి పందులు. ఇంట్లో అందరూ ఆఫీసుకు, బడికి పోతే చేను ఎవరు కాస్తారు?

సదాశివపేట దారి:

అందరికీ దండాలు. వరి వేయను, అది తేలిపోయింది. సెంటు భూమి గారు చెప్పినట్టు 8 గుంటల్లో కూరగాయలు, ఇంటికి దగ్గరి వైపు. మిగతా 12లో జొన్న, కంది, మధ్యలో పెసర, చుట్టూ కుసుమ. పందిరి కింద అక్క మాట ఇంట్లో చదివి వినిపించాను, బెండ, బీర తను చూసుకుంటానని మా ఆవిడే అంది, కానీ రోజూ పొద్దున గంట నేనూ దిగాలని షరతు పెట్టింది. న్యాయమే. వడ్ల లెక్క అన్నా, నెలకు ఆరు వేల లెక్క నువ్వు సరిగ్గానే వేశావు, కానీ పిల్లలు చేనులోంచి కోసుకుని తినే పెసర కాయకు కొట్టులో ధర లేదు, నేను అడిగింది అది. జహీరాబాద్ వెళ్లి విత్తనాలు తెచ్చుకుంటాను. కోతులకు మాత్రం ఇంకా దారి కనబడలేదు.

వడ్ల లెక్క:

ధర లేనిదాన్ని నేనెలా లెక్కపెడతానన్నా, అది నీ ఇష్టం. వడ్లు కావాలంటే యాసంగి కోతలప్పుడు చెప్పు, మా కళ్లం దగ్గరే తూకం వేసి ఇస్తా. కోతులకు సోలార్ కంచె ఒక్కటే సరిపోదు, పైనుంచి దూకుతాయి, కూరగాయల మడి వరకైనా పైన వల కట్టు. ఆ ఖర్చు కూడా రాసిపెట్టు, ఏడాది తర్వాత ఇక్కడే మళ్లీ వాదించుకుందాం.