బనకచర్ల సంగతి సరే, హంద్రీనీవా లెక్క ఎవరు చెబుతారు?

ఉరవకొండ మెట్టరైతు:
పోలవరం నుంచి రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) గోదావరి నీరు, 80 వేల కోట్లకు పైగా ఖర్చు. ఆ ప్రతిపాదనను 2025 జూన్‌లో కేంద్ర నిపుణుల కమిటీ వెనక్కి పంపినప్పటి నుంచి ఇక్కడ ఒకటే వాదులాట. నాది ఏ పక్షమూ కాదు. మా చేనికి కూతవేటు దూరంలో, శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను సీమకు ఎత్తిపోసే హంద్రీనీవా ప్రధాన కాలువ పోతుంది. 2012లో మల్యాల దగ్గర ఎత్తిన కృష్ణా నీళ్లు మా వైపు వచ్చినప్పుడు మా నాన్న గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ నీళ్లలో వదిలారు. పిల్లకాలువ మాత్రం నేటికీ లేదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే, రాత్రిపూట కాలువలోకి ఆయిల్ ఇంజను పైపు దించి ఒక్క తడి ఇచ్చుకుంటాం. దొంగతనమే, కాదనను. ఎన్ని టీఎంసీలు మళ్లించారని కాదు, ఏ నెలలో ఎవరి చేను తడిసిందని లెక్క కట్టాలి.

విశ్రాంత ఇంజినీరు, కర్నూలు:
రైతు గారూ, ఆ లెక్కే వేద్దాం. హంద్రీనీవాకు అనుకున్నది 40 టీఎంసీలు, ఆయకట్టు 6 లక్షల ఎకరాల పైచిలుకు. ఆ నీటినంతా ఆ నేల మీద పరిస్తే అడుగున్నర లోతు. దారిలో ఇంకేది, ఆవిరయ్యేది ఇందులోంచే పోవాలి. వరికి నాలుగడుగుల దాకా కావాలి. అంటే ఇది మొదటి నుంచీ ఆరుతడి పంటల (నీళ్లు నిలపకుండా అప్పుడప్పుడు తడి ఇస్తే చాలినవి) కాలువే. ఇక కరెంటు. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి, పంపుల నష్టం కలుపుకుని, సుమారు కోటి యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు, టీఎంసీకి 15 వేల ఎకరాలు అనుకుంటే ఎకరాకు నాలుగు వేలు. హంద్రీనీవాలో ఎత్తు వంద మీటర్లకు పైమాటే. బనకచర్లకు వచ్చే నీటికి ఈ పట్టిక ఎవరూ వేసి చూపడం లేదు, నా బాధ అది.

పాలమూరు వాసి:
మాదీ కరువు నేలే సార్. గోదావరి నీళ్లు సముద్రం పాలవుతున్నాయంటారు, నిజమే. అయితే అవి పోయేది ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు లోపు, వరద రోజుల్లో. మంచి ఏడాదిలో అదే రోజుల్లో శ్రీశైలం గేట్లు కూడా ఎత్తుతారు. నీళ్లు చాలని ఏడాదికి దాచడానికి చోటెక్కడ? వాటా సంగతి మరొకటి. గోదావరి నుంచి కృష్ణాకు మళ్లించే 80 టీఎంసీలకు బదులుగా కృష్ణాలో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, ఉమ్మడి రాష్ట్రానికి 45 అని 1980 గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ తీర్పులోనే ఉంది. 80కే ఇంత పంపకం ఉంటే 200కు ఉండదా? మా వాటా తేలకుండా మిగులు అనే మాట ఎవరు వాడినా మాకు ఒళ్లు మండుతుంది.

కంకిపాడు రైతు:
ఒళ్లు మండేవారు మండనివ్వండి. గోదావరి నీళ్లను మా కృష్ణా డెల్టాకు ఎత్తిపోసే పట్టిసీమ రాకముందు నారుమళ్లకు ఆగస్టు దాకా ఆకాశం కేసి, సాగర్ కేసి చూసేవాళ్లం. ఇప్పుడు ముందే నారు పోస్తున్నాం, నవంబరు తుపానుకు ముందే కోత. మేము గోదావరి నీళ్లు వాడుకుంటే ఆ మేరకు కృష్ణా నీళ్లు పైన శ్రీశైలంలో మిగులుతాయి. సీమ వాళ్లకు అవి అందలేదంటే తప్పు నదుల అనుసంధానానిదా, పిల్లకాలువలు తవ్వని వారిదా?

ఉరవకొండ మెట్టరైతు:
తవ్వని వారిదే, ఒప్పుకుంటాను. అయినా ఇంజినీరు గారి అడుగున్నర లెక్క చదివాక నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మా మేనమామ ఊరి చెరువుకు రెండేళ్లుగా కాలువ నీళ్లు వదులుతున్నారు. ఎండిపోయిన బోర్లలో మళ్లీ నీళ్లు ఊరాయి, టమాటాకు డ్రిప్ పైపులు పరిచారు. నిరుడు చూస్తే చెరువు కింద పచ్చగా వరి. ఆరుతడి నేలలో ఇదేమిటని అడిగితే, "నీళ్లు కళ్ల ముందు నిలబడితే వరి వేయకుండా ఎలా ఉంటారురా" అన్నాడు మామ. ఆ మడుల్లో రెండు ఆయనవే.