ఒడిశా బరంపురంలో మేడమ్‌గారి పేరు నిలబెట్టాలంటే విగ్రహమా, ఫలకమా?

బడిగంట: మున్సిపల్ తెలుగు బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, రిటైరయ్యాక కౌన్సిలర్‌గా గెలిచి, వీధికి కుళాయిలూ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లూ సాధించిన మేడమ్‌గారు ఈమధ్య కాలం చేశారు. పాత విద్యార్థుల దగ్గర మూడు లక్షల దాకా పోగయింది. సగంమంది కూడలిలో విగ్రహం అంటున్నారు. అనుమతి ఎవరిస్తారు? తెలుగులో రాయనిస్తారా?

ఆస్కారోడ్డు: కూడలి సంగతి వదిలేయండి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలకు చెప్పింది. బడి ఆవరణలో ఫలకమైతే ముందు ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానం, ఆపైన ఆ భవనం ఎవరిదో వాళ్ల రాతపూర్వక అనుమతి. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే కాబట్టి హెడ్‌మాస్టారి కంటే ముందు వాళ్లతో మాట్లాడండి. తీర్మానంలో కొలత, గోడ, చెక్కే మాటలు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. 'ఫలకం పెట్టుటకు' అని వదిలేస్తే రేపు కొత్త గది కట్టేటప్పుడు రాయి గోడౌన్‌లో పడుతుంది. పైన ఒడియా, కింద తెలుగు, అక్షరాలు ఒకే సైజులో ఉంటే పేచీ రాదు.

ఇంకోటి. మద్యనిషేధం కోసం సమ్మె నడిపి అరెస్టయిన సుభద్రమ్మగారిని మన ఊళ్లో ఇప్పటికీ మాజీ రాష్ట్రపతి వి.వి. గిరిగారి తల్లిగానే చెప్పుకుంటాం. 'ఫలానావారి సతీమణి' అని మొదలెట్టకండి, ఆవిడ చేసిన పని ముందు రాయండి. సర్వీసు తేదీలు సర్వీసు బుక్కులోవి, కౌన్సిల్ పనులు సమావేశాల మినిట్స్‌లోవి తీసుకోండి. మినిట్స్ ఇవ్వకపోతే ఫారం-ఎ నింపి 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి.

రాతిపని: నల్ల గ్రానైటు, 3 అడుగులు x 2 అడుగులు, 18 ఎంఎం మందం చాలు. పాలరాయి వద్దు, నాచు పట్టి చారలు కడుతుంది. ఇనుప బోల్టులు సముద్రపు గాలికి తుప్పెక్కి రాతిని చీలుస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. చెమ్మ గోడకు ఉత్త జిగురుతో అంటిస్తే ఊడొస్తుంది. అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. మ్యాటర్ వాట్సాప్‌లో పంపితే వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఫాంటు మారి 'స్త్రీ విద్య'లో వత్తులు విడిపోయి పక్కకొచ్చేస్తాయి. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, చెక్కేముందు అసలు సైజులో కాగితం ప్రింటు తీయించి తెలుగు, ఒడియా చదివేవాళ్ల చేత విడివిడిగా సంతకం పెట్టించుకోండి.

జమాఖర్చు: రాయికి పోగా రెండు లక్షలు ఎఫ్‌డీ వేయండి. వడ్డీ 6.5 శాతం అనుకుంటే ఏడాదికి 13,000. ఇద్దరు అమ్మాయిలకు చెరో 5,000, మిగతా 3,000 అసలులో కలపాలి. లేకపోతే పదేళ్లకు ఆ బహుమతికి విలువుండదు. ఎనిమిది దాకా పుస్తకాలు, యూనిఫాం ఎలాగూ ఉచితం, మీ డబ్బు తొమ్మిదిలో చేరే పిల్లకివ్వండి. అమ్మాయిలు బడి మానేసే ఘట్టం అదే. ఎఫ్‌డీ హెడ్‌మాస్టారి సొంత పేరున వద్దు, బదిలీ అయితే సంతకం కోసం తిరగాలి. ఎస్‌ఎంసీ ఖాతాలో వేసి, వడ్డీ ఏటా చేతికొచ్చే రకం ఎంచుకోండి. పాన్ ఇవ్వకపోతే, వడ్డీలోంచి బ్యాంకు ముందే పట్టుకునే పన్ను (టీడీఎస్) పడినప్పుడు 20 శాతం కోస్తారు.

బడిగంట: ఫలకం మీద ఫొటో చెక్కించొచ్చా అండీ?

రాతిపని: ఎండ పడని వరండా గోడకైతే లేజర్‌తో చేయించండి. గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించింది పనికిరాదు, ముఖం మసకగా వస్తుంది. ఒరిజినల్ ప్రింటు 600 డీపీఐలో స్కాన్ చేయించండి.