కీమో జరుగుతున్న ఇంటికి మనం వండి పంపాలా, వద్దా?

వంతుల_వంట (సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు)

మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అందులో ఒకావిడకు రొమ్ము క్యాన్సర్, మూడు వారాలకోసారి కీమో. ఇంట్లో భర్త, బడికెళ్లే పిల్లలిద్దరు, షుగర్ ఉన్న అత్తగారు. మేమంతా వాట్సాప్‌లో వంతులు వేసుకుని రెండు పూటలా క్యారియర్ పంపుతున్నాం. మొన్న ఆయన గ్రూపులో "అందరికీ థాంక్స్ అండీ, డాక్టరుగారు బయటి తిండి వద్దన్నారు, ఇక పంపకండి" అని పెట్టారు. అప్పటి నుంచి గ్రూపులో ఒకటే గొడవ. మనం పంపేది ఇంటి వంటే కదా, బయటి తిండి ఎలా అవుతుందని కొందరు. వద్దన్నాక వదిలేయాలని కొందరు. నేనైతే ఆపకూడదంటాను. ఆయన మొహమాటపడి వద్దంటున్నారు తప్ప, ఆ ఇంట్లో వండేవాళ్లు ఎవరున్నారు? మీరేమంటారు?

కడప_కారం

ఆపేయండి. ఆ ఇంటి దృష్టిలో మీ వంట బయటి తిండే. ఎవరి ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో, ఎవరు పచ్చి చికెన్ కోసిన చెక్క మీదే కొత్తిమీర తరిగారో మీకేం తెలుసు?

కీమో ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సాధారణంగా తెల్లకణాలు బాగా పడిపోతాయి. వాటిలో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే ఒంట్లో కాపలా లేనట్టే. మనకు ఒక పూట విరేచనాలతో పోయేది వాళ్లను ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయమని ఊరికే చెప్పరు.

ఇంకో సంగతి. పొద్దున పదకొండింటికి వండిన అన్నం గేటు దగ్గర సెక్యూరిటీ టేబుల్ మీద కూర్చుని, రెండింటికి పైకి వెళ్తుంది. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే పెరిగి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ప్రేమగా పంపిందైనా అంతే.

అనంతపురం_పిన్ని

ఇంత భయపెడితే ఇక ఎవరికి ఎవరు ఒక ముద్ద పెడతారు నాయనా? మా ఊళ్లో ఎవరైనా మంచం పడితే నలుగురిళ్ల నుంచి జావ వెళ్లేది. పత్యం అనేది మనకు తెలియనిదా? చక్కెర పూర్తిగా మాన్పించి, గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం, మొలకెత్తిన పెసలు ఇస్తే రక్తం పడుతుంది. అవి వండక్కర్లేదు కూడా, అందరూ తలా ఒక రోజు ఇవ్వొచ్చు.

పథ్యం_నా_ఉద్యోగం

పిన్నిగారూ, నేను డైటీషియన్‌ని, క్యాన్సర్ వార్డులోనే పని. జావ దాకా మీతో ఉన్నాను. ఆ తర్వాత చెప్పినవే నాకు టెన్షన్.

మొలకలు కీమోలో అస్సలు వద్దు. గింజ మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే బ్యాక్టీరియాకూ కావాలి. పైపైన కడిగితే పోదు. అవే పెసలు ఉడికించి కట్టు చేయండి, హాయిగా తాగుతారు. పచ్చి ఆకు రసాలూ అంతే, శుభ్రతకు హామీ లేదు, కొన్ని మందులతో పడవు కూడా. పంపర పనస లాంటివి తినే ముందు డాక్టర్ని అడగాలి. కొన్ని మందులు ఒంట్లో విరిగే పద్ధతినే అవి మార్చేస్తాయి.

చక్కెర సంగతి. చక్కెర మానేస్తే గడ్డ మాడిపోతుందనడానికి ఆధారం లేదు. షుగర్ ఉన్నవాళ్లకూ, కీమోతో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పడి షుగర్ పెరిగేవాళ్లకూ జాగ్రత్త అవసరం. అది లేనివాళ్లకు, ఏమీ దిగని రోజున సగ్గుబియ్యం పాయసం ఒక్కటే దిగితే అదే పెట్టండి. బరువు తగ్గకుండా చూడటం ముఖ్యం.

కడపగారూ, మీ జాగ్రత్త మంచిదే కానీ దాన్ని మరీ సాగదీస్తే మనిషి తినడమే మానేస్తుంది. అమెరికాలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల మీద ఒక పరీక్ష చేశారు, 2008లో అచ్చయింది. 153 మందిలో కొందరికి ఉడికినవే పెట్టారు, మిగతావాళ్లకు పచ్చి పండ్లు, కూరగాయలు కూడా ఇచ్చారు. పెద్ద ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కఠినమైన పత్యం పెట్టినంత మాత్రాన రక్షణ పెరగదన్నమాట.

కడప_కారం

ఆ పరీక్షలో వాళ్లంతా వడకట్టిన గాలి వచ్చే గదుల్లో ఉన్నారు, ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్స్ కూడా పడుతున్నాయి. మనం సర్జాపూర్ రోడ్డు గురించి మాట్లాడుతున్నాం మేడమ్. ఇక్కడ సగం అపార్ట్‌మెంట్లలో కీరదోసకాయ కడిగేది ట్యాంకర్ నీళ్లతో. 2024 వేసవిలో ఆ ట్యాంకర్ కూడా దొరక్క ఏం చేశామో గుర్తుంది కదా. ఆ ఆసుపత్రి ఫలితాన్ని తెచ్చి మన సంపు పక్కన పెట్టలేం.

పథ్యం_నా_ఉద్యోగం

నీళ్ల మాట ఒప్పుకుంటున్నా. అందుకే ఇక్కడ నేను సలాడ్ రాయను. అరటి, కమలా లాంటి తొక్క తీసేవే చెబుతాను, ద్రాక్ష వద్దంటాను. కానీ మీరు చెప్పింది పచ్చివాటి గురించి. పొగలు కక్కుతున్న ఇడ్లీ పక్క ఫ్లాటు నుంచి అప్పుడే వస్తే ఆపడానికి అదొక కారణం కాదు.

పెరుగు గురించి ఎవరూ అడగకముందే చెప్పేస్తాను, ఎలాగూ వస్తుంది. ప్యాకెట్ పాలు మళ్లీ కాచి, శుభ్రమైన గిన్నెలో తోడేసిన తాజా పెరుగు నేను మాన్పించను. తెల్లకణాల కౌంట్ బాగా తక్కువున్న రోజుల్లో కొన్ని ఆసుపత్రుల్లో అదీ ఆపుతారు. మీ డాక్టరు ఏమంటే అదే.

బోడిగుండు_బాగుంది

మీరంతా ఆవిడ ప్లేటు గురించి వాదిస్తున్నారు. కీమో చేయించుకున్న మనిషిగా నేనొక మాట చెప్పనా?

నాకు పోపు వాసన పడేది కాదు. ఇంగువ అయితే మరీ. క్యారియర్ మూత తీస్తే చాలు, పడగ్గదిలో ఉన్న నాకు కడుపులో తిప్పేది. స్టీల్ చెంచా నోట్లో పెడితే ఇనుప రుచి, ప్లాస్టిక్ చెంచాకు మారాక కాస్త నయం. ఎక్కించిన రోజూ మర్నాడూ స్టెరాయిడ్ పుణ్యాన ఆకలి దంచేది, నిద్ర ఉండదు. అందరూ చూసి "బాగానే తింటోందే" అనుకునేవాళ్లు. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోవడం. నోటిపూత వచ్చిన వారంలో చారు కూడా మంటే. అప్పుడు చల్లారిన పెరుగన్నం, చప్పగా, మెత్తగా. వేడి తిండి కంటే చల్లారినదానికి వాసన తక్కువ కాబట్టి అదే లోపలికి పోయేది. సోమవారం ఇష్టంగా తిన్నది గురువారం చూస్తే వాంతి. మూడు వారాల ముందే వంతుల పట్టికలో "బెండకాయ వేపుడు, టమాటా పప్పు" అని రాసుకుంటే అది ఎలా కుదురుతుంది?

పైగా ప్రతి డబ్బా వెనక ఒక ఫోన్. "తిన్నావా? ఉప్పు సరిపోయిందా? మా అమ్మాయి ప్రత్యేకంగా చేసింది." పారబోసిన కూర గురించి అబద్ధం చెప్పడం, కడిగిన డబ్బాలు ఏది ఎవరిదో వెతకడం, ఓపిక లేని మనిషికి ఇదొక పని. మా ఆయన కూడా సరిగ్గా ఇలాగే "డాక్టరు వద్దన్నారు" అని చెప్పాడు. డాక్టరు ఏమీ అనలేదు. అలా అంటే ఎవరూ నొచ్చుకోరని.

వంతుల_వంట

అంటే నేను చెప్పిందే కదా, మొహమాటం!

బోడిగుండు_బాగుంది

మొహమాటం మాటలో ఉంది అక్కా, వద్దనడంలో లేదు. వద్దన్నది నిజంగానే వద్దని.

చపాతీ_నాన్న

నేను అవతలి వైపు, అంటే ఆ భర్త స్థానంలో ఉన్నవాణ్ని. పూర్తిగా ఆపేయమనే వాళ్లతో నాకు పేచీ ఉంది. మా ఇంట్లో పేషెంట్ తినేది రోజుకు నాలుగు గుప్పెళ్లు. అది నేను చేసుకోగలను, రెండు ఇడ్లీలు, కాస్త పులగం, గుడ్డు. నన్ను చంపింది మిగతాది. పొద్దున ఏడింటికి బస్సు, దానికి ముందు పిల్లల డబ్బాలు. అమ్మకు షుగర్, టైముకు తినాలి. పగలంతా ఆసుపత్రిలో కీమో ఎక్కించే డే కేర్‌లో కూర్చుని సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా ఆకలి మీద ఉంటుంది. నెలంతా స్విగ్గీ. కీమో ఖర్చు ఒకవైపు, ఇదొకవైపు. ఆ సమయంలో ఎదురింటివాళ్లు పిల్లలకు చపాతీ కూర పంపకపోతే మేం ఏమయ్యేవాళ్లమో.

కాబట్టి ఆయన మాట విని ఆవిడ క్యారియర్ ఆపండి. కానీ ఆయన ఏం తింటున్నాడో కనుక్కోండి. అది ఎవరూ అడగరు.

హోసూరు_రోడ్డు_రాము

మీది పెద్ద అపార్ట్‌మెంట్ గొడవ. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల చూడండి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చినవాళ్లు ఒక గది అద్దెకు తీసుకుని, ఒకే బర్నర్ మీద అన్నం, పప్పు వండుకుంటారు. ఫ్రిజ్ ఉండదు. వాళ్లకు పెద్ద క్యారియర్ ఇస్తే సగం రాత్రికి దాచుకుంటారు, కడపన్న చెప్పిన ప్రమాదం నిజంగా అక్కడే. నేను వండినది ఇవ్వడం మానేసి బియ్యం, పెసరపప్పు, గుడ్లు, పాల ప్యాకెట్ల డబ్బులు, ఒక కుక్కర్ ఇస్తున్నాను. మనూరి రుచి వాళ్లే చేసుకుంటారు.

అనంతపురం_పిన్ని

కుక్కర్ ఇవ్వడం బాగుంది నాయనా. సరే డైటీషియనమ్మా, మొలకలు వద్దంటివి. కార్తీక మాసంలో గుడ్డు ముట్టనివాళ్లు ఏం తినాలి? జావ తాగి ఎన్నాళ్లుంటారు?

పథ్యం_నా_ఉద్యోగం

మంచి ప్రశ్న, పిన్నిగారూ. ఒట్టి జావ సరిపోదు. కీమోలో కిలో బరువుకు కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రొటీన్ వెళ్లేలా చూస్తాం. యాభై కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. అర లీటరు పాలలో పదహారు గ్రాముల దాకా వస్తుంది. కాబట్టి రాగిజావ నీళ్లతో కాకుండా పాలతో కాయండి. పులగంలో బియ్యం తగ్గించి పెసరపప్పు పెంచండి. పనీర్ తురిమి మెత్తటి ఉప్మాలో కలపొచ్చు. రొమ్ము క్యాన్సర్ అనగానే సోయా చూసి భయపడతారు, మామూలుగా వంటలో వాడే సోయాతో ఇబ్బంది లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు పెట్టుకోకుండా డాక్టర్ని అడగాలి.

ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి చెప్పేముందు ఏ మందు పడుతోందో కనుక్కోండి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ పడినవాళ్లు చల్లటి మజ్జిగ గుక్క తాగితే గొంతు పట్టేసినట్టయి హడలిపోతారు. నోటిపూత ఉన్న మరొకరికి అదే మజ్జిగ ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

వంతుల_వంట

సరే, ఆవిడ పేరు మీద వంతులు తీసేస్తున్నా. పొద్దున పిల్లల డబ్బాలు, రాత్రి ఆయనకూ అత్తగారికీ భోజనం, ఇవే ఉంటాయి. తిరిగివ్వక్కర్లేని డబ్బాల్లో, గేటు దగ్గర పెట్టకుండా చేతికే ఇస్తాం. కానీ ఆవిడకు ఒక్కటీ పంపకుండా ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఆదివారం వెళ్లి ఏమైనా కావాలా అని అడిగి చూస్తాను.

బోడిగుండు_బాగుంది

"ఏమైనా కావాలా" అంటే ఎవరైనా వద్దనే అంటారు అక్కా. వెళ్లకుండా ఆయనకు మెసేజ్ పెట్టండి. "రేపు పిల్లల డబ్బాలో చపాతీ పెట్టనా, నిమ్మకాయ పులిహోర పెట్టనా?" అని. ఒక్క మాటలో జవాబు వస్తుంది. ఆవిడకు ఏదైనా తినబుద్ధయితే ఆయనే అడుగుతాడు.

అనంతపురం_పిన్ని

పిల్లలకు పులిహోరే. దీనికి కూడా అడగాలా?