విస్కాన్సిన్‌లో జింకల వేట మొదటి రోజు: ఫ్రెండ్స్ రమ్మంటున్నారు, వెళ్లినవాళ్లు చెప్పండి

మాడిసన్_కొత్తోడు
మా టీంలో ముగ్గురు ఏటా థాంక్స్‌గివింగ్ ముందు శనివారం ఉత్తరాన ఒక క్యాబిన్‌కి వెళ్తారు. ఈసారి నవంబర్ 22. రెండేళ్లుగా ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను, ఈసారి మాట ఇచ్చేశాను. తుపాకీ ఎప్పుడూ ముట్టలేదు. హెచ్-1బీ మీద ఉన్నాను. కోడిని కోస్తుంటేనే పక్కకు తిరిగే రకం. అక్కడ అసలు ఏం జరుగుతుంది, ఏం తీసుకెళ్లాలి? యూట్యూబ్ చూడమనకండి, అందులో అందరూ కొమ్ములు పట్టుకుని నవ్వుతూనే ఉంటారు.

ఓష్‌కోష్_బాబాయ్
తమ్ముడూ, ముందు వీసా సంగతి తేల్చుకో. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ చేతికి రాకముందు ఫ్రెండ్ గన్‌ని "ఒకసారి పట్టుకుని చూడు" అన్నా పట్టుకోకు. ఫొటో కోసం కూడా వద్దు. గ్రీన్ కార్డు పనిలో ఉంటే లాయర్‌ని ఒక మాట అడుగు.

ఇక లైసెన్స్. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ సేఫ్టీ కోర్సు పాసైన సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా వెళ్లాలంటే మెంటార్ పద్ధతి ఉంది. నీ ఫ్రెండ్ చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి, రోజంతా. మొదటిసారికి నా మాట విని తుపాకీ జోలికి పోకుండా ఊరికే పక్కన కూర్చో. జింకల్ని అటునుంచి తోలుకు రమ్మంటే మాత్రం వెళ్లకు, అదీ వేట కిందకే వస్తుంది. ఆరెంజ్ జాకెట్, ఆరెంజ్ టోపీ తప్పకుండా వేసుకో. నువ్వు వేటాడకపోయినా చెట్ల వెనకున్నవాడికి ఆ సంగతి తెలీదు కదా.

ఓష్‌కోష్_బాబాయ్
అసలు విషయం మర్చిపోయాను. చలి! తెల్లారి నాలుగున్నరకి లేపుతారు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు కాబట్టి ఆరింటికల్లా స్టాండ్‌లో, అంటే చెట్టు మీది మంచెలో ఉండాలి. అక్కడ కదలకూడదు, మాట్లాడకూడదు. గంట గడిచేసరికి కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలీదు. రెండు జతల సాక్సులు వేసి బూటు బిగిస్తే ఇంకా చల్లబడతాయి, వదులు బూటు మేలు. స్టాండ్ ఎక్కితే బెల్టు కట్టుకో. నేను చూసిన దెబ్బలన్నీ స్టాండు మీంచి పడ్డవే, గుండు తగిలి కాదు.

మొదటి ఏడాది మా ఆవిడ జంతికలు కట్టిచ్చింది. ఏడింటికి ఆకలేసి ఒకటి కొరికాను. ఆ నిశ్శబ్దంలో అది పటేల్‌మని విరిగింది చూడు, పక్కనున్న ఫ్రెండ్ తల తిప్పి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నోట్లో ఉన్నదాన్ని నమలకుండా నానబెట్టి మింగాను. అప్పట్నుంచి సున్నుండలే. చప్పుడు చెయ్యవు, వేళ్లకి అంటుకోవు, రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆగొచ్చు.

డాలస్_రాజు
మా టెక్సాస్‌లో ఇంత కష్టం లేదు బ్రో. నవంబర్ మొదటి శనివారం మొదలు. ప్రైవేటు రాంచ్‌లో డబ్బాలాంటి గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాం. ఎదురుగా ఫీడర్, టైమర్ పెట్టి ఉంటుంది, టైముకి మొక్కజొన్న గింజలు చిమ్ముతుంది. జింకలు టైముకి వచ్చేస్తాయి.

ఓష్‌కోష్_బాబాయ్
అది వేట కాదు రాజూ, రేషన్ షాపు దగ్గర కాపు కాయడం.

డాలస్_రాజు
😂 మీకు చలి ఎక్కువై కుళ్లు బాబాయ్.

పిట్స్‌బర్గ్_నాన్న
పెన్సిల్వేనియాలో మొన్నటిదాకా మొదటి రోజు థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం. మా పిల్లల స్కూలుకి ఆ రోజు సెలవు. మొదటి ఏడాది మావాడు వచ్చి "నాన్నా, రేపు జింకల సెలవు" అంటే వీడేదో ఎగ్గొట్టే ప్లాన్ వేశాడనుకున్నాను. 2019 నుంచి ఆ మొదటి రోజుని శనివారానికి మార్చారు. మా పక్కింటి పెద్దాయనకి ఆ మార్పు ఇప్పటికీ నచ్చలేదు. ఆయనకి సోమవారమే పండుగ.

రేపల్లె_సత్య
నేను మాంసం తినను, ఒకసారి వెళ్లాను. తిడతారని భయపడ్డాను, ఎవరూ ఏమీ అనలేదు. వెలుతురు రాకముందే దూరంగా ఒకటీ అరా మోతలు, దీపావళి మర్నాడు పిల్లలు మిగిలిన టపాకాయలు కాలుస్తున్నట్టు. ఎనిమిదింటికి ఒక ఆడజింక మా స్టాండు కిందకే వచ్చింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. చెవులు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పింది. ముందు కాలు నేల మీద రెండుసార్లు తట్టింది. నా ఫ్రెండ్ దగ్గర ఆడజింకని కొట్టే ట్యాగ్, అంటే అనుమతి చీటీ లేదు, కాల్చలేదు. అంతే, తోక పైకెత్తి పోయింది. తెల్లగా.

మధ్యాహ్నం ఇంకొకతను మగజింకని కొట్టాడు. పొట్ట చీల్చి పేగులు తీస్తుంటే చలికి లోపల్నుంచి పొగలు వచ్చాయి. అక్కడ ఉండలేక దూరంగా వెళ్లి నిలబడ్డాను. కానీ దాన్ని ట్రక్కు దాకా లాక్కెళ్లడానికి మనిషి తక్కువైతే నేనే ఒక కొమ్ము పట్టాను. ఎందుకు పట్టానో ఇప్పటికీ తెలీదు.

వంటింటి_అక్క
మాంసం ఇస్తారు, తప్పకుండా ఇస్తారు, కాబట్టి వినండి. జింక మాంసంలో కొవ్వు ఉండదు. మేకమాంసంలా మంట పెట్టి వేయిస్తే చెప్పు తోలే. పైన తెల్లటి పలచని పొర ఉంటుంది, దాన్ని కత్తితో ఓపిగ్గా తీసేయాలి, వాసనంతా అక్కడే. పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి ఆఖర్న గోంగూర వెయ్యండి. కైమా కూడా బాగుంటుంది. నిల్వ పచ్చడి పెట్టాను, మా కొలీగ్స్ బ్రెడ్డుకి రాసుకుని తిన్నారు 🙈

మన హోటల్ బోర్డుల మీద "వేటమాంసం" అంటే మేకే కదా, ఏనాడూ వేటాడింది లేదు. ఇన్నాళ్లకి ఆ మాటకి న్యాయం చేశాం.

అన్నట్టు, జింకకి పరీక్ష చేయించారా అని అడిగే తీసుకోండి. విస్కాన్సిన్ జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు 2002లో బయటపడింది. మనుషులకి సోకిన దాఖలా ఇంతవరకు లేదు, అయినా పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎంత ఉడికించినా పోయేది కాదది. రాష్ట్రమే ఉచితంగా పరీక్ష చేస్తుంది. రిజల్ట్ వచ్చేదాకా ప్యాకెట్ మీద పేరు, తేదీ రాసి ఫ్రీజర్లో విడిగా పెట్టండి. ఒకసారి మాంసం కోసిచ్చే షాపులో నలుగురి జింకలూ కలిపి కైమా కొట్టేశారు. అందులో ఒకదానికి పాజిటివ్. ఇరవై పౌండ్లు పారబోశాం.

నల్లమల_నుంచి
ఇక్కడ ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక మీద చెయ్యేస్తే జైలే. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రాది కృష్ణజింక. మీరు లైసెన్స్ కొనుక్కుని కొడుతున్నారంటే వింతగా ఉంది.

ఓష్‌కోష్_బాబాయ్
వింతే. ఇక్కడ తోడేళ్లు తక్కువ, జింకలు ఎక్కువ. రాత్రి కారుకి అడ్డం పడితే ప్రాణాలు పోతాయి. ఏ కౌంటీలో ఎన్ని ఆడజింకల్ని కొట్టొచ్చో ఏటా లెక్క కట్టి ట్యాగులు ఇస్తారు. కొట్టినదాన్ని మర్నాడు సాయంత్రం ఐదులోపు రిజిస్టర్ చేయాలి. ఒకసారి ఫొటో మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే మా పెద్దనాన్న రాత్రి రెండింటికి ఫోన్ చేసి "వెంటనే తీసెయ్, ఫారెస్టు వాళ్లు చూస్తారు" అన్నాడు.

మాడిసన్_కొత్తోడు
వెళ్లొచ్చాను. తుపాకీ ముట్టలేదు. ఆరు గంటలు కూర్చుంటే కనిపించినవి రెండు ఉడతలు, ఒక టర్కీ. మా నలుగురిలో ఒక్కడికి కూడా జింక పడలేదు. రాత్రి క్యాబిన్‌లో పేకాట. వాళ్ల యూకర్ నాకు రాదు, నేను రమ్మీ నేర్పాను, పన్నెండు డాలర్లు గెలిచాను. బాబాయ్ చెప్పినట్టు సున్నుండలు తీసుకెళ్లాను, ఎనిమిదింటికే డబ్బా ఖాళీ. మా మేనేజర్ వాళ్లావిడ రెసిపీ పంపమని మెసేజ్ పెట్టింది. వంటింటి అక్కా, మా అమ్మ "చేతికి తెలుస్తుంది" అంటోంది, కిలో మినుములకి నెయ్యి ఎంత పొయ్యాలి?