ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు: ఇది ఇంకా అవసరమా?

బెజవాడ బాల్కనీ:
ఈమధ్య తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కురుక్షేత్రం పద్యనాటకం చూశాను. దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వచ్చే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకాయన, యుద్ధానికి మూడో ఆయన. ముగ్గురూ బాగా పాడారు, అందులో పేచీ లేదు. కానీ పడక సీనులో "బావా ఎప్పుడు వచ్చితీవు" అని దుర్యోధనుణ్ణి నవ్వుతూ పలకరించి, సైన్యం అటు, ఆయుధం పట్టని తాను ఇటు అని తేల్చిన మనిషే తర్వాత సభకొచ్చి "చెల్లియో చెల్లకో" అందుకుంటే ఆ పద్యం వెనక అంతకుముందు జరిగిందంతా నిలబడుతుంది. ఆ రోజు మొదటాయన సన్నగా, కొంటెగా, కళ్లతోనే నవ్వే రకం. రాయబారానికి వచ్చినాయన మహా గంభీరం, ఒళ్లు కూడా రెండింతలు. దుర్యోధనుడు మాత్రం ఒక్కడే, పాపం ఈ కొత్త బావని ఇప్పుడే పరిచయం చేసుకుంటున్నట్టు చూశాడు. పైగా "జెండాపై కపిరాజు" పద్యం సగంలో ఉండగా ఎవరో స్టేజీ ఎక్కి కృష్ణుడి ఉత్తరీయానికి ఐదొందల నోటు పిన్ను పెట్టారు, ఆయన రాగం ఆపకుండానే దండం పెట్టారు. కచేరీ వినాలంటే కచేరీకే వెళ్తాను కదా. పాత్రకి ఒక్క నటుడు చాలడా?

హార్మోనిస్టు మేనల్లుడు:
బాల్కనీ గారూ, మీరు హాల్లో కుర్చీలో కూర్చుని చూసి చెప్తున్నారు. మా తెనాలి చుట్టుపక్కల తిరనాళ్లలో నాటకం రాత్రి పదింటికి మొదలైతే తెల్లారుతుంది. హెచ్చు శ్రుతిలో పద్యం పాడి, చివర రాగం తీసి, జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదటికి రావాలి. ఒక్క గొంతు ఎన్ని గంటలు ఆగుతుందండీ? నాటకం ఏర్పాటు చేసే కాంట్రాక్టరు ఒక్కో సీనుకి పేరున్న ఆర్టిస్టుని మాట్లాడుకునేది అందుకే. ఊళ్లో చందా ఇచ్చేవాళ్లకి కూడా తలా ఒక కృష్ణుడు ఇష్టం, వాళ్లందరినీ ఒకే రాత్రి చూపించాలి. కథ తెలియనివాడు అక్కడ ఒక్కడూ ఉండడు, ఎవరెలా పాడతారో పోల్చుకోవడానికే వస్తారు. ఇంకో మాట, మనం కురుక్షేత్రం అని పిలిచేదే తిరుపతి వేంకట కవులు విడిగా రాసిన పాండవోద్యోగం, పాండవ విజయం రెండూ కలిపి కుట్టుకున్నది. కుట్టిన బట్టలో అతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఎలా?

బ్రాడీపేట నాలుగో లైను:
ఇద్దరూ చెప్పంది ఒకటుంది. 2023 డిసెంబరులో మా గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగాయి కదా, అక్కడ చూసిన పద్యనాటకాల్లో పాత్రకి ఒక్కరే. కథ గట్టిగా నడిచింది, లైటింగు బాగుంది. కానీ రాగం రెండు ముక్కల్లో తేల్చేసి పద్యాన్ని డైలాగులా ముగించేస్తున్నారు, వెనక నుంచి సినిమా టైపు మ్యూజిక్కు. బయటికొచ్చాక ఒక్క పద్యం కూడా నోటికి రాలేదు. బాల్కనీ గారు అడుగుతున్నది వస్తే దాంతోపాటు ఇదీ వస్తుంది, రెడీగా ఉండండి.

లబ్బీపేట:
2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించినప్పుడు మీరంతా ఎక్కడున్నారు?

బెజవాడ బాల్కనీ:
లబ్బీపేట గారూ, అది పెద్ద విషయం, వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

బ్రాడీపేట గారి భయం నాకూ ఉంది. కానీ రాగం తగ్గించమని నేను అనలేదు, మనిషిని మార్చొద్దు అన్నాను. సురభి నాటక సమాజం వాళ్లు 1885 నుంచి కుటుంబాలుగా ఆడుతున్నారు, వాళ్లకి పద్యం తక్కువైందా? అసలు నష్టం చూడాలంటే హరిశ్చంద్ర చూడండి. వారణాసి సీనుకి ఒకాయన, కాటి సీనుకి ఇంకొకాయన. భార్యని అమ్ముకున్నవాడు వేరే, కొడుకు శవానికి కాటి సుంకం అడిగేవాడు వేరే అయితే ఇక ఆ ఏడుపు ఎవరిది?

హార్మోనిస్టు మేనల్లుడు:
బాగా దొరికారు. కాటి సీనులో జనం కళ్లు తుడుచుకునే "ఇచ్చోటనే" పద్యం ఆ నాటకం రాసిన బలిజేపల్లి వారిది కాదు, జాషువా గారి శ్మశానవాటిలోది. ఇద్దరూ మన పాత గుంటూరు జిల్లావాళ్లే. నాటకకర్త రాయని పద్యం తెచ్చి పెడితే లేని బాధ, నటుడు మారితే ఎందుకు? మా మామయ్య చెప్పేవాడు, హరిశ్చంద్రుడి పాత్రకి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారు కాటి సీనుకి వస్తున్నారంటే ముందు సీన్లలో ఎవరున్నారని అడిగేవాళ్లే కాదట.

బెజవాడ బాల్కనీ:
ఆ పద్యం ఆ చోటుకి సరిపోయింది, పాడేది కూడా అక్కడున్న హరిశ్చంద్రుడే. కాబట్టి నాటకం బలపడింది. ముందు సీన్లలో ఎవరున్నారని అడగలేదంటే ఆ సీన్లు ఎవరికీ అక్కర్లేదనేగా? నేను మొత్తుకునేది కూడా అదే. వారణాసి ఆర్టిస్టుకి ఆ మాట ఎంత అవమానమో ఆలోచించండి.

బ్రాడీపేట నాలుగో లైను:
పడక సీను, రాయబారం ఒకరికే ఇచ్చి, యుద్ధానికి వేరేవాళ్లని పెట్టుకుంటే? పాండవ విజయం ఎటూ విడి నాటకమే కాబట్టి అతుకు అక్కడ పడితే పెద్దగా కనపడదు. హాల్లో ఆడేటప్పుడైనా చేయొచ్చు.

హార్మోనిస్టు మేనల్లుడు:
హాల్లో అయితే సరే, రెండు మూడు గంటలు ఒక్క గొంతుతో లాగొచ్చు. తిరనాళ్లకి కుదరదు. అయినా కాంట్రాక్టరు చెవిన వేస్తాను. పోస్టరు మీద ముగ్గురు కృష్ణుల ఫొటోలు పక్కపక్కన లేకపోతే ఆ మిగతా ఇద్దరి అభిమానుల దగ్గర చందా ఎవరు వసూలు చేస్తారో మాత్రం మీరే చెప్పాలి.