ఇంగ్లీషులో ఉన్నతస్థాయి పదసంపద: జాబితాలు బట్టీ పట్టాలా, విస్తృతంగా చదివితే చాలా?

చదువరి:
పరీక్షల కోసం వేలకొద్దీ పదాల జాబితాలను వల్లెవేసే అలవాటు ఇంకా పోలేదు. జీఆర్ఈలో వ్యతిరేకపదాల ప్రశ్నలనూ, పదజంటల పోలికలనూ 2011 ఆగస్టులోనే తొలగించారు. అప్పటి నుంచి సందర్భాన్ని పట్టి అర్థం గ్రహించడానికే ప్రాధాన్యం. అందుచేత జాబితాలను పక్కన పెట్టి మంచి వ్యాసాలు చదవడమే సరైన మార్గమని నా వాదన.

పదసేకరి:
నేను ఒప్పుకోను. తరచుగా వచ్చే పదాలు చదువుతూ ఉంటే వాటంతట అవే పట్టుబడతాయి గాని, ఉన్నతస్థాయి పదాల చిక్కల్లా అవి అరుదుగా రావడమే. ఇంగ్లీషు నవలలోనో వార్తాపత్రికలోనో నూటికి 98 పదాలు అర్థం కావాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు (మూలపదమూ దాని రూపాలూ కలిసి ఒక కుటుంబం) తెలిసి ఉండాలని భాషావేత్త పాల్ నేషన్ 2006లో అంచనా కట్టారు. ఆ హద్దుకు అవతలి పదం ఒక పుస్తకమంతటిలో ఒకసారి కనిపిస్తే గొప్ప. అది మళ్లీ ఎదురయ్యేనాటికి మనం దాన్ని మరచిపోయే ఉంటాం. మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగుతుందని మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపాడు. ఒకవైపు పదమూ, రెండోవైపు అర్థమూ రాసిన చీటీల్లో వచ్చిన పదం చీటీని ఆలస్యంగానూ, రాని పదం చీటీని త్వరగానూ తిరగేయించే లైట్నర్ పెట్టెల పద్ధతి ఈ లోటును చాలావరకు పూడుస్తుంది.

చదువరి:
చీటీ మీద అర్థం ఉంటుంది, వాడుక ఉండదు. 'మిటిగేట్' అంటే తీవ్రత తగ్గించడమని వల్లెవేసినవారు దాని పక్కన 'అగైన్‌స్ట్' చేర్చి రాయడం తరచుగా చూస్తాం. ఆ చేర్పు నిజానికి 'మిలిటేట్' (అడ్డుగా నిలవడం) అనే పదానిది.

నిదానం:
ఏ పదాలు కావాలో తేల్చకుండానే ఇద్దరూ పద్ధతి గురించి వాదిస్తున్నారు. భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యావిషయక పదజాబితాలో ఉన్నవి 570 కుటుంబాలే అయినా, విద్యాగ్రంథాల్లోని పదాల్లో సుమారు పది శాతం వాటివే. పరిశోధన వ్యాసాలు చదివేవారు వాటిని వదిలేసి, ఎవరూ వాడని పదాలను పోగుచేయడం నా దృష్టిలో వృథాశ్రమ. (అటువంటి పదాలు గుప్పించిన వ్యాసం చదవడం పాఠకుడికి శిక్షే.) పైగా చూసి గుర్తుపట్టవలసిన పదాలు వేరు, స్వయంగా రాయవలసినవి వేరు, మొదటి రకానికి అర్థం తెలిస్తే సరిపోతుంది, రెండో రకానికి మాత్రం పదం వచ్చిన వాక్యాన్ని చీటీ మీదికి ఎక్కించి, పదమున్న చోట ఖాళీ వదిలి, దాన్ని గుర్తు తెచ్చుకుని పూరించాలి.

పదసేకరి:
ఖాళీ పూరించే చీటీలకు నా అభ్యంతరం లేదు. నిఘంటువులోని ఉదాహరణ వాక్యాలతో అవి తొందరగా తయారవుతాయి కూడా.

చదువరి:
అక్కడే నాకు పేచీ. నిఘంటువు వాక్యం పొట్టిది, దానికి ముందూ వెనకా ఏమీ ఉండదు. రచయిత ఆ పదాన్ని వ్యంగ్యంగా వాడాడో, గంభీరంగా వాడాడో అందులో తెలియదు. వాక్యం మీరు చదివిన రచనలోంచే రావాలి, 570 కుటుంబాల జాబితాకైనా సరే ఇదే షరతు.