కాలిన ఇనుము రంగు ఫొటోలో రావట్లేదు, ఏం చేయాలి?

పరకాల సారు:
మా ఊళ్లో ఇంకా ఒక కొలిమి నడుస్తోంది. కమ్మరి తాత లారీ కమాన్ పట్టీతో గౌడన్నలకు గీత కత్తులు చేస్తాడు. ముక్క కోయడం నుంచి పిడి బిగించేదాకా అన్నీ ఫొటోలు తీసి బడిలో చూపించాలని ఉంది. తాత ఒప్పుకున్నాడు గాని, "ఇనుము నీ ఫొటో కోసం ఆగది సారూ, నన్ను ఆగమనకు" అన్నాడు. కొలిమి పాక చీకటి. కంటికి నారింజ రంగులో కనిపించే ఇనుము ఫొటోలో ట్యూబ్‌లైట్ ముక్కలా వస్తోంది. పాత కెనాన్ కెమెరా ఉంది. ఎలా తీయాలి? ఏ దశ అస్సలు తప్పిపోకూడదు?

హన్మకొండ స్టూడియో:
ఫ్లాష్ వద్దు సార్. ఆటోలో పెడితే కెమెరా చీకటి పాకను చూసి వెలుతురు పెంచుతుంది, ఇనుము తెల్లబడిపోతుంది. మాన్యువల్‌లో ఇనుముకు తగ్గట్టు పెట్టండి, వెనకంతా నల్లబడితే పడనీయండి. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగ్) 5000 కెల్విన్ దగ్గర కదలకుండా ఉంచండి. షట్టర్ స్పీడ్ సుత్తె దెబ్బకు 1/500 సెకను, సాన రవ్వలు గీతలుగా రావాలంటే 1/30. వెలుతురు కోసం తడిక మాత్రం తీయించకండి. ఎండలో కాలిన ఇనుము రంగు తెలియదు, తాత చీకట్లో పని చేసేది అందుకే.

జమ్మికుంట కమ్మరోళ్ల పిల్లగాడు:
మా బాపు దగ్గరికి కెమెరాలతో చాలామంది వచ్చారు. అందరి ఫొటోల్లోనూ మంటలు, రవ్వలే. సాగగొట్టేది ఇప్పుడు తప్పిపోయినా మళ్లీ కాల్చినప్పుడు దొరుకుతుంది. నీళ్లలో ముంచేది దొరకదు.

బాపు కత్తి మొత్తం ముంచడు, అంచు వరకే. తీసిన వెంటనే ఇటుక ముక్కతో అంచు తెల్లగా మెరిసేదాకా రుద్దుతాడు. వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంటే రంగులు నడుస్తాయి. ముందు ఎండు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆఖరుకు నీలం. గడ్డి రంగు 220 డిగ్రీల దగ్గర, నీలం 300 దగ్గర. అంచుకు గడ్డి రంగు రాగానే మళ్లీ ముంచేస్తాడు. నీలం దాకా వదిలితే అంచు మెత్తబడి పదును నిలవదు, తొందరపడితే పెళుసుగా ఉండి పెచ్చు లేస్తుంది. కమాన్ పట్టీ నీళ్లలో పగుళ్లిచ్చే భయం ఉందని కొందరు నూనె వాడతారు. మీ తాత పద్ధతి అడగండి.

ఈ రంగులు ఇనుము వెలిగితే వచ్చేవి కావు, పైన పట్టే సన్నని పొరవి. చీకట్లో కనపడవు. స్టూడియో అన్న ఏమీ అనుకోకపోతే, ఈ ఒక్కదానికి తడిక తీయించండి. తెల్ల పంచె అడ్డం పట్టి, దాని తెలుపు కత్తిలో పడేలా నిలబడి వరసగా నొక్కుతూనే ఉండండి.

హన్మకొండ స్టూడియో:
ఏమీ అనుకోను తమ్ముడూ, పంచె మాట బాగుంది. సార్, ఫోన్ దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) పక్కన పెట్టకండి. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, ఇనుప రజను పట్టుకుంటే వదలదు.

ఆర్మూర్ రైతు:
మా వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు చేసేవాళ్లు, పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. పిల్లలకు అది కూడా చెప్పండి సార్.

పరకాల సారు:
తడిక తీయడట, వానకు కట్టుకున్నదట! వేపచెట్టు కింద ఇంకో తొట్టి పెట్టుకుందాం అన్నాడు. ముంచేది నీళ్లలోనే, అంచు వరకే. పంచె పట్టడానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు వస్తామన్నారు.

జమ్మికుంట కమ్మరోళ్ల పిల్లగాడు:
వాళ్లను నూలు బట్టల్లో, బూట్లతో రమ్మనండి. చెప్పులు వద్దు.